హార్డ్‌డిస్కూ, మా వియ్యపురాలూ

జూలై 10, సోమవారం

ఈ డైరీ ఆరు నెలలుగా ఖాళీగా పడి ఉంది. ఇవాళ రాయాలనిపించింది. ప్రత్యేకంగా కారణం ఏమీ లేదు.

పొద్దున ప్రెస్సు తలుపు తీసి కంప్యూటరు ఆన్ చేశాను. తెర వెలగడానికి రోజూ రెండు నిమిషాలు పట్టేది, ఇవాళ పదకొండు పట్టింది. ఆలోపు బల్లలు తుడిచాను, ఎంబాసరుకి కాగితం ఎక్కించాను, కిటికీలు తీశాను. ప్రూఫక్క వచ్చి, కర్ర మూలకి ఆనించి, కుర్చీలో కూర్చుని చెవి ఒగ్గింది.

“మీ పెట్టెలో ఇవాళ కూడా ఎవరో పళ్ళు కొరుకుతున్నారు.”

“ఫ్యాన్‌లో దుమ్ము చేరి ఉంటుంది.”

“ఫ్యాన్ సంగతి నాకు తెలీదా? అది గురక పెడుతుంది. ఇది టిక్కు, టిక్కు. కాసేపు ఆగి మళ్ళీ టిక్కు.”

ప్రూఫక్కకి పుట్టుకతోనే చూపు లేదు. పద్నాలుగేళ్ళుగా ఈ బ్రెయిలీ ప్రెస్సంటే మేమిద్దరమే. అచ్చు పుస్తకాన్ని నేను కంప్యూటరులో చుక్కల్లోకి మారుస్తాను. ఎంబాసరు ఆ చుక్కల్ని దళసరి కాగితం మీద పొడుస్తుంది. ఆమె వేళ్ళతో చదివి తప్పులు పట్టుకుంటుంది, అందుకే ప్రూఫక్క. చెవి విషయంలో ఆమెతో వాదించి గెలిచిన రోజు ఒక్కటీ లేదు.

అయినా అది దుమ్మే.

జూలై 11

మధ్యాహ్నం బ్లోయరు పెట్టి దుమ్ము ఊదేశాను. చాలా వచ్చింది. మనసు కుదుటపడింది.

జూలై 12

దుమ్ము పోయింది కానీ టిక్కు పోలేదు. ఎండలు ఎక్కువగా ఉన్నాయి కదా, అందుకే అయి ఉంటుంది.

జూలై 13

అంధుల బడి హెడ్మాస్టరు ఫోన్ చేశారు. ఆగస్టు ఇరవై ఒకటిన సైన్సు తరగతులు మొదలు. ముప్పై నాలుగు మంది పిల్లలు. ఏడో తరగతి సైన్సు పుస్తకం అప్పటికి వాళ్ళ చేతుల్లో ఉండాలి. మనిషికి అయిదు సంపుటాలు. వాళ్ళ బడిలో సైన్సుకి ఇన్నాళ్ళూ పుస్తకమే లేదు, ఎవరో ఒకరు చదువుతుంటే వినడమే. ఈ ఏడాదే మొదటిసారి, ఉబ్బెత్తు బొమ్మలతో సహా.

“అయిపోతుందాండీ?” అని అడిగారు.

“అయిపోయినట్టేనండీ,” అన్నాను.

పదిహేడు పాఠాల్లో అయింది ఆరు.

జూలై 17, సోమవారం

ఏడో పాఠం మధ్యలో తెర మొత్తం నీలంగా మారిపోయి, తెల్లటి అక్షరాలేవో వచ్చి, ఆగిపోయింది. ఆపి, మళ్ళీ వేసి, మళ్ళీ ఆపి, నాలుగోసారికి లేచింది.

అక్షరాల్ని చుక్కల్లోకి మార్చే సాఫ్ట్‌వేరు తయారుచేసినవాళ్ళు ఆరేళ్ళ క్రితమే కంపెనీ మూసేశారు. వాళ్ళిచ్చిన సీడీ ఎప్పుడో పగిలింది. అదొక్కటీ అయితే సరే. ప్రూఫక్క తప్పు పట్టిన ప్రతిసారీ, ఆ తప్పు మళ్ళీ రాకుండా నేను ఆ సాఫ్ట్‌వేరులోనే ఒక నియమం రాసి పెడుతూ వచ్చాను. ఒత్తులు ఎక్కడ విరగకూడదో, అంకె పక్కన అక్షరం వస్తే ఏం చేయాలో, సైన్సు గుర్తులకి ఏ చుక్కలో. నాలుగువేల పైచిలుకు నియమాలు. పద్నాలుగేళ్ళ పోట్లాటలన్నీ అందులోనే ఉన్నాయి.

పుస్తకాలన్నీ పెన్‌డ్రైవులో వేసి ఉంచాను కాబట్టి భయం లేదు. భయం లేదని పైకే మూడుసార్లు అన్నాను.

“ఎవరికి చెబుతున్నారు?” అంది ప్రూఫక్క.

జూలై 18

వీధి చివర రిపేరు షాపతన్ని పిలిపించాను. చెవి పెట్టకుండానే చెప్పేశాడు. “డిస్కు పోతోందమ్మా. కొత్తది వేసి, శుభ్రంగా అన్నీ మొదట్నుంచి ఎక్కించి ఇస్తాను.”

“మా సాఫ్ట్‌వేరు?”

“సీడీ ఇవ్వండి, వేస్తా.”

పగిలిన సీడీ చూపించాను. అతను దాన్ని వెనక్కీ ముందుకీ తిప్పి చూసి, జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, వేరే పని ఉందని వెళ్ళిపోయాడు.

సాయంత్రం అబ్బాయితో ఫోన్‌లో ఈ మాట అన్నాను.

“మా అత్తగారిని అడగొచ్చు కదమ్మా. ఇరవై ఏళ్ళుగా ఆవిడ షాపులో చేసే పని అదే.”

“ఆవిడకి బోలెడు పనులుంటాయి. ఎందుకు ఇబ్బంది పెట్టడం?”

“ఇంకా ఆ ఫోటో సంగతేనా?”

ఏ ఫోటో అన్నాను. నాకు మా వియ్యపురాలి మీద కోపం ఏమీ లేదు. పెళ్ళిరోజు అందరూ గ్రూపు ఫోటోకి నిలబడినప్పుడు నేను వంటవాళ్ళతో మాట్లాడుతూ అయిదు నిమిషాలు ఆలస్యం అయ్యాను. ఆవిడ “ఉన్నవాళ్ళతో కానిచ్చేద్దాం” అందట. ఆ ఫోటో ఇప్పటికీ అబ్బాయి ఇంట్లో సోఫా పైన గోడకి ఉంది. పెళ్ళికొడుకు తల్లి తప్ప అందరూ ఉన్నారు. ఎదురింటివాళ్ళ పిల్లి కూడా ఉంది, మొదటి వరసలో.

కోపం లేదు. గుర్తుంది, అంతే.

జూలై 19

అయిదుసార్లు ఆగింది.

జూలై 20

నేను కాగితం తేవడానికి గోడౌనుకి వెళ్ళినప్పుడు ప్రూఫక్క మా కోడలికి ఫోన్ చేసి, వాళ్ళమ్మ నంబరు తీసుకుని, ఆవిడకి ఫోన్ చేసి, “మీ వదినగారు మిమ్మల్ని ఒకసారి రమ్మంటున్నారు” అని చెప్పిందట. రేపు పొద్దున వస్తోందట.

“నేనెప్పుడు రమ్మన్నాను?”

“మీరు మనసులో అనుకున్నది నాకు వినపడింది.”

నాకు ఒళ్ళు మండింది. కొంచెంసేపే.

జూలై 21, శుక్రవారం

తొమ్మిదింటికల్లా వచ్చింది మా వియ్యపురాలు. భుజాన బరువైన సంచీ, నెత్తిమీద కళ్ళద్దాలు. కుశల ప్రశ్నలు మేమిద్దరం కోర్టులో సాక్షుల్లా అడిగి, చెప్పుకున్నాం. ఆ తర్వాత ఆవిడ పెట్టె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, స్క్రూడ్రైవరు కొన డిస్కు మీద పెట్టి, పిడి చెవికి ఆనించుకుంది.

“వదినగారూ, ఆపేయండి దీన్ని. నేను చెప్పేదాకా మళ్ళీ వేయొద్దు.”

ఆపేశాను.

“ఎన్నాళ్ళుగా ఈ చప్పుడు?”

“ఈమధ్యే…” అన్నాను.

“జూన్ రెండోవారం నుంచి,” అంది ప్రూఫక్క.

వియ్యపురాలు నావైపు ఒక్కసారి చూసి, మళ్ళీ డిస్కు వైపు తిరిగింది. అందుకు మెచ్చుకోవాలి.

పుస్తకాలన్నీ పెన్‌డ్రైవులో ఉన్నాయని కాస్త గర్వంగానే చెప్పాను. తల అడ్డంగా ఊపింది. “అవి బీరువాలో బట్టలు. ఇల్లు కాలిపోతే బట్టలు మిగులుతాయి, మంచిదే. కానీ మీ సాఫ్ట్‌వేరు ఇంటి గోడల్లో కలిసిపోయి ఉంది. దాన్ని విడిగా ఊడదీసి మోసుకెళ్ళలేం. ఇంటిని ఇల్లుగా, పునాదితో, తాళాలతో, గోడకున్న మేకులతో సహా ఎత్తి పక్కన పెట్టాలి. డిస్కుకి డిస్కు నకలు తీయాలి. క్లోన్ అంటారు. రేపు పొద్దున్నే చేద్దాం, ఖాళీ డిస్కు నేను తెస్తా.”

“అది పెడితే లేస్తుందా కంప్యూటరు?”

“లేస్తుందనే చేసేది. అయితే లేచేదాకా నేను మాట ఇవ్వను.”

ఇలా మాట్లాడేవాళ్ళంటే నాకు ఇష్టం. సాధారణంగా.

జూలై 22, శనివారం

మొదటి నుంచీ రాయాలి ఇవాళ్టిది.

ఆవిడ పాత డిస్కు ఊడదీసింది. దాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి, రెండింటి మీదా అంటించిన నంబర్లు పైకి చదివింది. పాతదాని చివర ఏడు, ఒకటి, నాలుగు, తొమ్మిది. కొత్తదాని చివర సున్నా, ఎనిమిది, రెండు, ఆరు. రెండూ ఒకే సైజు. రెండింటినీ తీగలతో కలిపి, కంప్యూటరుని ఒక పెన్‌డ్రైవు మీద లేపింది. పాత డిస్కుకి నకలు తీస్తున్నంతసేపూ దానికి వేరే పని చెప్పకూడదట, అందుకని.

తెర మీద రెండు డిస్కులూ కనపడ్డాయి. ఎక్కడినుంచి తీయాలి, ఎక్కడ వేయాలి అని అడుగుతుంది. ఆవిడ చకచకా రెండూ ఎంచి, ఆఖరి మీట మీద వేలు పెట్టింది.

“ఆగండి,” అంది ప్రూఫక్క. “పైకి చదవండి. ఇక్కడ ఒకరు చదివి ఒకరు వినకుండా ఏదీ అచ్చుకి పోదు.”

“వెయ్యి డిస్కులు చేసి ఉంటానక్కా.”

“సంతోషం. చదవండి.”

ఆవిడ నవ్వుతూ నాకు తెర చూపించింది, మీరే చదవండన్నట్టు. నేను చదివాను. “తీసేది: సున్నా, ఎనిమిది, రెండు, ఆరు. వేసేది: ఏడు, ఒకటి, నాలుగు, తొమ్మిది.”

ప్రూఫక్క తల కొంచెం పక్కకి వంచింది. “ఏడు ఒకటి నాలుగు తొమ్మిది పాతది కదూ? అంటే ఖాళీ డిస్కుని తెచ్చి నిండు డిస్కు మీద వేస్తున్నాం.”

వియ్యపురాలు మీట మీద నుంచి వేలు మెల్లగా తీసింది, వేడి గిన్నె మూత మీద నుంచి తీసినట్టు. ఒక్క నొక్కుతో పద్నాలుగేళ్ళూ తెల్లకాగితం అయిపోయేవి.

నేను ఏదో ఒకటి అనొచ్చు. మూడేళ్ళుగా అనాలని దాచుకున్నవి చాలానే ఉన్నాయి. కానీ ఆవిడ ఆ నాలుగు అంకెల్నే మళ్ళీ మళ్ళీ చదువుకుంటోంది. వెళ్ళి టీ పెట్టుకొచ్చాను.

ముగ్గురం తాగాం. అప్పుడు అంది ఆవిడ, గ్లాసులోకి చూస్తూ.

“నాకు తొందరెక్కువ వదినా. షాపులోనూ అంతే, ఇంట్లోనూ అంతే. ఆ రోజు ఫోటో దగ్గర కూడా వరస మొత్తం ఒకసారి చూసుకుని ఉంటే మీరు లేరని తెలిసేది. వచ్చేశారనుకున్నాను. ఫోటో ఇంటికొచ్చాక చూసి నాలిక్కరుచుకున్నాను. మళ్ళీ ఎలా ఎత్తాలో తెలీలేదు.”

“నేను లేనని తెలీదా మీకు?”

“పిల్లి ఉందనీ తెలీదు.”

నాకు నవ్వొచ్చింది. ఆపుకోబోయాను, టీ ముక్కులోకి పోయింది. ప్రూఫక్క నా వీపు మీద తడుతూ “ఏ పిల్లి, ఏ పిల్లి” అని అడుగుతోంది, మేమిద్దరం చెప్పలేనంతగా నవ్వుతున్నాం.

తర్వాత రెండు డిస్కులూ సరిగ్గా ఎంచాం. ఈసారి ఆవిడ చదివింది, ప్రూఫక్క వింది, నేను మీట నొక్కాను. నీలం గీత జరగడం మొదలుపెట్టింది. డెబ్భై ఒక్క శాతం దగ్గర ఆగి, గంటంబావు కదల్లేదు. ఆవిడ మాత్రం కుర్చీలో వెనక్కి వాలి, “పాపం ముసలిది, అక్కడ చదవలేకపోతోంది, మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తోంది. తొందరపెట్టొద్దు” అంది. తొందరపెట్టొద్దని ఆవిడ నోటి వెంట వినడం కొత్తగా ఉంది.

సాయంత్రం అయిదింటికి నూరు శాతం. డిస్కు మొత్తంలో తొమ్మిది చోట్ల చదవలేకపోయిందట. ఆ తొమ్మిది చోట్లా ఏముందో దేవుడికే తెలియాలి.

ఆవిడ అక్కడే లేపి చూద్దామంటుందనుకున్నాను. “ఇవాళ అలిసిపోయాం. అలిసినప్పుడు పొద్దున్నటి తప్పే మళ్ళీ చేస్తాం. రేపు,” అంది.

జూలై 23, ఆదివారం

పాత డిస్కుని పూర్తిగా తీసి, పాతగుడ్డలో చుట్టి అలమారాలో పెట్టించింది. “అది పక్కనే ఉంటే దాని మీద లేచిందో దీని మీద లేచిందో మనకి తెలీదు. కాపీ అయిందని చెప్పుకోవడం కాదు, ఒంటరిగా లేవాలి. అప్పుడే అది నకలు.”

కొత్తది బిగించి ఆన్ చేశాం. నల్లటి తెర. లేపడానికి డిస్కు దొరకలేదని ఒకే ఒక్క లైను.

నేను అలమారా వైపు చూశాను. ఆవిడ మాత్రం ముఖం చిట్లించి దగ్గరగా చూసి, “ఓహో, నిన్నటి పెన్‌డ్రైవు కోసం వెతుకుతోంది, నేనే తీసి సంచీలో వేసుకున్నా” అంది. ఏదో మీట నొక్కుతూ మళ్ళీ ఆన్ చేసి, లోపలి సెట్టింగుల్లోకి వెళ్ళి, ముందు ఏ డిస్కు చూడాలో ఆ వరస మార్చింది. ఈసారి వరస నేను చదివాను, ప్రూఫక్క వింది.

లేచింది. పదకొండు సెకన్లు. నేను లెక్కపెట్టాను.

సాఫ్ట్‌వేరు తెరిచాను. కొత్త డిస్కు చూసి అలిగి లైసెన్సు తాళం అడుగుతుందేమోనని భయపడ్డాను. అడగలేదు. డిస్కు గుర్తుతో సహా అచ్చుగుద్దినట్టు వచ్చేసిందట. నియమాల జాబితా తెరిచాను. నాలుగువేల నూట పన్నెండు. చివరిది, జూలై పదిహేడున రాసింది, ఉంది.

“ఏదైనా ఒక పేజీ వేయండి, నేను చూస్తా,” అంది ప్రూఫక్క.

ఎంబాసరు దడదడా కొట్టింది. కాగితం ఇంకా వేడిగా ఉండగానే ఆమె రెండు చేతులూ దాని మీద పరుగెత్తాయి. ఆ చదివే వేగం చూసి మా వియ్యపురాలు నోరు తెరుచుకుని ఉండిపోయింది. ఇరవై ఏళ్ళుగా ఇలాంటి పెట్టెలు బాగుచేస్తోంది కానీ ఆ పెట్టెల్లోంచి ఏమొస్తుందో ఎప్పుడూ నిలబడి చూడలేదట.

“ఎనిమిదో లైనులో తప్పుంది,” అంది ప్రూఫక్క.

మేమిద్దరం కాగితం మీదికి వంగాం.

“అది డిస్కు తప్పు కాదు, మీ వదినగారి టైపింగు తప్పు.”

జూలై 25

కుతూహలం ఆగక పాత డిస్కు తీగకి తగిలించి చూశాను. మూడు టిక్కులు, తర్వాత నిశ్శబ్దం. మళ్ళీ మళ్ళీ చేశాను. ఇక లేవదు.

రెండు రోజులు ఆలస్యం చేసి ఉంటే అని ఆలోచించడం మొదలుపెట్టాను. పెట్టి, ఆపేశాను. తొమ్మిదో పాఠం ఉంది.

జూలై 29, శనివారం

వదిన ఇంకో ఖాళీ డిస్కు తెచ్చింది. (మా వియ్యపురాలు కాదు, వదిన. ఎప్పుడు మారిందో గమనించలేదు.) ఇక నుంచి ప్రతి శనివారం ఒక నకలు తీసి అలమారాలో పెట్టాలట, ఏ తీగా తగలకుండా. ఈసారి తను కుర్చీ మీద చేతులు కట్టుకుని కూర్చుంది. అన్నీ నేనే చేశాను. స్క్రూ ఒకటి బల్ల కిందికి దొర్లిపోతే వెతకడానికి కూడా లేవలేదు. “రేపు నేను ఊళ్ళో ఉండకపోవచ్చు కదా,” అంది.

స్క్రూ ప్రూఫక్క చెప్పుల దగ్గర దొరికింది. పడ్డ చప్పుడు విని ఎక్కడుందో ఆమే చెప్పింది.

ఆగస్టు 5, శనివారం

నకలు తీశాను. పదమూడు పాఠాలు అయ్యాయి.

ఆగస్టు 8, మంగళవారం

బొమ్మల ఫైళ్ళు వచ్చిన పెన్‌డ్రైవు పెట్టాను. పది నిమిషాల్లో ఒక్కో ఫైలూ వింత పేరుతో మారిపోయింది. ఏదో వైరస్. ఆపి మళ్ళీ వేస్తే కంప్యూటరు లేవలేదు.

వదినకి ఫోన్ చేశాను. అందుబాటులో లేదు. కోడలికి చేస్తే, అమ్మ పక్క ఊరికి వెళ్ళింది, ఇప్పుడు బస్సులో ఉంటుంది అంది.

“ఏం చేద్దాం?” అంది ప్రూఫక్క.

కాళ్ళూ చేతులూ ఆడవనుకున్నాను. ఆశ్చర్యం, చేతులు ఆడాయి. తీగ పీకాను. పెట్టె మూత తీశాను. జబ్బుపడ్డ డిస్కు ఊడదీసి పక్కన పెట్టాను. అలమారాలోంచి శనివారం నాటి నకలు తీసి, నంబరు పైకి చదివాను. ఆమె సరే అంది. బిగించాను. ఆన్ చేశాను.

పదకొండు సెకన్లు.

మొదటి నుంచి చివరి దాకా ఇరవై రెండు నిమిషాలు. పోయింది నిన్నా ఇవాళా చేసిన ఒక్క పాఠం. దాన్ని సాయంత్రానికి మళ్ళీ చేసేశాను, అది మొదటిసారి కంటే బాగా వచ్చింది కూడా.

నాకు యాభై ఏడేళ్ళు. డ్రైవింగు నేర్చుకున్న రోజు కూడా ఇంత గర్వపడలేదు.

ఆగస్టు 9

వదిన ఫోన్ చేసింది, నిన్న ఎందుకు చేశారని.

“ఏం లేదు వదినా. ఊరికే. కంప్యూటరు పోతే బాగు చేసుకున్నాం.”

ఎలా చేశానో మొత్తం చెప్పించుకుంది. తర్వాత “షాపులో రెండో కుర్చీ ఖాళీగానే ఉంది, వస్తారా” అంది.

ఆగస్టు 18

పదిహేడు పాఠాలూ అయ్యాయి. నూట డెబ్భై సంపుటాలు గోడ వెంట నా భుజాల ఎత్తున ఉన్నాయి. బైండింగు అతను లెక్కపెట్టి, మళ్ళీ లెక్కపెట్టి, కుర్చీ అడిగి కూర్చున్నాడు.

ఆగస్టు 21, సోమవారం

ముగ్గురం బడికి వెళ్ళాం. వదిన షాపు మూసేసి వచ్చింది. తరగతి వెనక బెంచీలో, పిల్లల కోసం చేసిన బెంచీ కాబట్టి మోకాళ్ళు గడ్డాలకి తగిలేలా, ఇరుక్కుని కూర్చున్నాం.

హెడ్మాస్టరు స్వయంగా సైన్సు చెప్పడానికి వచ్చారు. సంపుటాలు పంచారు. పిల్లలు ముందు అట్టలు తడిమారు, తర్వాత వాసన చూశారు, తర్వాత తెరిచారు. ముప్పై నాలుగు జతల చేతులు కాగితాల మీద కదులుతుంటే సన్నటి చప్పుడు, తుంపర పడుతున్నట్టు.

“అందరూ మొదటి పాఠం తెరవండి. నేను చదువుతాను, మీరు వేళ్ళతో నా వెంట రండి,” అని ఆయన మొదలుపెట్టారు. రెండు లైన్లు చదివి ఆగారు. గదిలో ఒక్కరి తలా ఆయన వైపు లేదు. మూడో వరసలో ఒక పిల్లాడు తనలో తనే నవ్వుకుంటున్నాడు. పేజీలు ఎవరి తీరున వాళ్ళు తిప్పేస్తున్నారు.

“వింటున్నారా?” అన్నారాయన.

కిటికీ పక్కన కూర్చున్న పొట్టి జడల పిల్ల చెయ్యెత్తింది. రెండో చెయ్యి కాగితం మీదే ఉంది.

“ఒక్క నిమిషం ఆగండి సార్. మీరు ఇంకా మొదటి పాఠంలోనే ఉన్నారు. నేను గుండె బొమ్మ దగ్గర ఉన్నాను.”

హెడ్మాస్టరు మావైపు చూశారు. పుస్తకం మూసి, కుర్చీ లాక్కుని, కూర్చున్నారు. గంట కొట్టేదాకా ఆ గదిలో ఎవరూ ఎవరికీ ఏమీ చదివి వినిపించలేదు.